వెడ్డింగ్ బ్రేక్‌ఫాస్ట్ అని పిలిచి సాయంత్రం నాలుగూ నలభైకి భోజనానికి కూర్చోబెట్టారు

ఉల్లిగారెలు
ఇంగ్లండులోని లీడ్స్ ఊరికి వచ్చి ఎనిమిది నెలలైంది. మొన్న శనివారం మా టీమ్‌లో అమ్మాయి పెళ్ళికి వెళ్ళాను. ఇక్కడ నేను చూసిన మొదటి పెళ్ళి ఇదే. కార్డులో పెళ్ళి ఒంటిగంటన్నరకు, తర్వాత 'వెడ్డింగ్ బ్రేక్‌ఫాస్ట్' అని ఉంది. కింద 'లాంజ్ సూట్స్', ఇంకా కింద 'క్యారేజెస్ ఎట్ మిడ్‌నైట్'.

బ్రేక్‌ఫాస్ట్ అన్నారు కదా, వెళ్ళగానే ఏదో ఒకటి పెడతారులే అని కాఫీ మాత్రం తాగి బయల్దేరాను. పెళ్ళి ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత రెండు గంటలు ఫొటోలే. మధ్యలో ఒకాయన పళ్ళెం పట్టుకుని తిరుగుతున్నాడు, అందులో గోరంత రొట్టె మీద చేపముక్క. నేను శాకాహారిని. భోజనాలకు కూర్చోబెట్టేసరికి నాలుగూ నలభై.

అప్పుడైనా తిండి వచ్చిందా? పెళ్ళికూతురి నాన్న లేచి 'టోస్ట్' అన్నాడు. హమ్మయ్య, బ్రెడ్డు అనుకున్నాను. అందరూ గ్లాసులెత్తారు.

అసలు పరువు పోయింది ఆ తర్వాత. ఆకలి మర్చిపోవడానికి కబుర్లలో పడ్డాను. 1500ల్లో ఇంగ్లీషువాళ్ళు ఏడాదికి ఒక్కసారే, మే నెలలో స్నానం చేసేవారనీ, అందుకే వాసన ముదరకముందే జూన్‌లో పెళ్ళిళ్ళు పెట్టుకునేవారనీ, కంపు కప్పడానికే పెళ్ళికూతురి చేతికి పూలగుత్తి వచ్చిందనీ వాట్సాప్‌లో చదివినది చదివినట్టు చెప్పేశాను. పక్కనే పెళ్ళికూతురి పిన్ని. ఆవిడ ఫోర్కు కింద పెట్టి, 'నేను హిస్టరీ టీచర్ని, ఇది మీకెవరు చెప్పారు?' అంది.

ఇందులో నిజమెంత? బ్రేక్‌ఫాస్ట్ అని ఎందుకంటారు? ఇవి రాసి పంపేవాళ్ళు ఎవరు?

బందరు_లడ్డు
మన పెళ్ళిలో టిఫిన్ పది నిమిషాలు ఆలస్యమైతే మగపెళ్ళివారు వియ్యంకుడి పీక మీద కూర్చుంటారు. నువ్వు నాలుగూ నలభై దాకా ఓర్చుకున్నావు, దండం పెట్టాలి.

ఓరుగల్లు_పిల్లోడు
ఇరవై నిమిషాల్ల పెళ్ళా? మా దగ్గర ఫొటోగ్రాఫర్ లైట్ సెట్ చేసుకునుడికే అంత పడుతది.

పాతకాగితం
బ్రేక్‌ఫాస్ట్ సంగతి చెప్తాను. ఇంగ్లండులో చాలాకాలం చర్చిలో పెళ్ళి పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 12 లోపు జరిగి తీరాలి. 1886లో చట్టం మార్చి దాన్ని 3 గంటల దాకా పొడిగించారు. 1934లో సాయంత్రం 6 దాకా. చట్టంలో ఆ గంటల నియమం తీసేసింది 2012లోనే. అంటే పాతరోజుల్లో పెళ్ళంటే పొద్దుటి పనే, అది కాగానే కూర్చుని తినేది పొద్దుటి భోజనమే. పెళ్ళివేళ సాయంత్రానికి జరిగింది గానీ భోజనం పేరు జరగలేదు.

మనకు ముహూర్తం పంచాంగం పెడితే వాళ్ళకు పార్లమెంటు పెట్టింది, అంతే తేడా.

రిటైర్డ్_టీచర్
పాతకాగితం గారూ, నేను విన్నది వేరు. పెళ్ళికి ముందు చర్చిలో ప్రసాదం తీసుకోవాలి కాబట్టి వధూవరులు ఉపవాసం ఉండేవారట, ఆ ఉపవాసం విడవడమే బ్రేక్‌ఫాస్ట్ అట. మనలో ముహూర్తం దాకా పిల్లా పిల్లాడూ ఏమీ తినకుండా ఉండరూ? మా పెళ్ళిలో తెల్లవారుజామున 3:40కి ముహూర్తం. నాకు కళ్ళు తిరుగుతుంటే మా మేనత్త కొంగు చాటున అరటిపండు పెట్టింది.

పాతకాగితం
టీచర్ గారూ, మాటలో ఉపవాసం విడవడం ఉన్న మాట నిజమే. కానీ 'వెడ్డింగ్ బ్రేక్‌ఫాస్ట్' బాగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దంలో. అప్పటికి ఇంగ్లండు ప్రొటెస్టెంటు దేశమై మూడు వందల ఏళ్ళు దాటింది, ఆ ఉపవాసాలు మామూలు జనంలో లేవు. నా ఓటు గంటల నియమానికే. అరటిపండుకు మాత్రం పూర్తి మద్దతు.

ఫిల్టర్_కాఫీ
మాంచెస్టర్‌లో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను. క్యారేజెస్ అంటే గుర్రబ్బళ్ళు. అర్ధరాత్రికి బళ్ళు గుమ్మంలో సిద్ధంగా ఉంటాయి, దయచేయండి అని మర్యాదగా చెప్పడమన్నమాట. గుర్రాలు పోయి టాక్సీలు వచ్చినా కార్డులో బండి కదల్లేదు. నాకైతే ఇది మంచి పద్ధతే అనిపిస్తుంది. మన కార్డుల్లో 'విందు: రాత్రి 7 గంటల నుండి' అని ఉంటుంది, ఎప్పటిదాకానో బ్రహ్మకే తెలియాలి.

లాంజ్ సూట్ అంటే మామూలు కోటు, ప్యాంటు, టై. కొత్తలో మా ఆయన లాంజ్ అంటే ఇంట్లో సోఫా ఉండే గది కదా అని ట్రాక్ ప్యాంటు ఇస్త్రీ చేయించుకున్నారు. గడప దాటకముందే పట్టుకున్నాను.

బందరు_లడ్డు
ఇస్త్రీ చేయించిన ట్రాక్ ప్యాంటు 🙏 మీ ఆయన్ని ఒకసారి ఈ దారంలోకి పిలవండి.

డల్లాస్_బాబాయ్
ఉల్లిగారెలూ, నువ్వు చదివిన వాట్సాప్ సరుకు నాకు పాత చుట్టమే. 1999లో ఈమెయిల్‌గా వచ్చింది. '1500లలో జీవితం' అని పేరు. అప్పుడు మా ఆఫీసులో ప్రింటు తీసి ఫ్రిజ్‌కు అంటించారు. స్నానం, పూలగుత్తి, గడ్డికప్పు మీంచి కుక్కలూ పిల్లులూ జారిపడటం, శవపేటికలో గంట, అన్నీ అందులోవే. పాతికేళ్ళకు తెలుగులోకి దిగిందన్నమాట. స్నానం చేయనిది ఆ మెయిలే.

ఉల్లిగారెలు
@డల్లాస్_బాబాయ్ అదే! గంట కూడా ఉంది. బతికుండగా పాతిపెడితే లోపలి నుంచి తాడు లాగేవారట, పైన గంట మోగేదట, అదే 'సేవ్డ్ బై ద బెల్' అట. అది కూడా చెప్పేవాణ్ణే, ఈలోగా సూప్ వచ్చింది.

పాతకాగితం
సూప్ నిన్ను కాపాడింది.

ఆ మాట బాక్సింగ్‌ది. దెబ్బలు తిని కిందపడేలోగా రౌండు ముగిసినట్టు గంట కొడతారు, వాడు బతికిపోతాడు. 19వ శతాబ్దం చివరి మాట, 1500లతో సంబంధం లేదు.

జూన్ పెళ్ళిళ్ళ కథ కూడా నిలబడదు. ఆ కాలపు చర్చి రిజిస్టర్లు ఉన్నాయి. ధాన్యం పండించే ఊళ్ళలో పెళ్ళిళ్ళు ఎక్కువగా కనిపించేది అక్టోబరు, నవంబరుల్లో. కోతలు అయిపోతాయి, కూలి డబ్బు చేతిలో ఉంటుంది. ఈస్టరుకు ముందు లెంటులో, క్రిస్మస్‌కు ముందు అడ్వెంటులో చేసుకునేవారు కాదు. వాళ్ళ మూఢాలు అవి. పెళ్ళికూతురి చేతిలో పూలు ఎక్కడైనా ఉండేవే, కంపు కప్పడానికే పుట్టాయనడానికి ఆధారం లేదు.

'స్నానం నీళ్ళతో పాటు బిడ్డను పారబోయకు' అనే సామెతనూ ఆ మెయిల్ స్నానానికే కట్టింది. అది అసలు ఇంగ్లీషుదే కాదు, జర్మన్ సామెత. తామస్ మూర్నర్ అనే ఆయన 1512లో అచ్చేసిన పుస్తకంలో ఉంది, బొమ్మతో సహా. ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్ళలో కార్లైల్ అనే రచయిత ఒకడు, 1849లో.

స్వదేశీ_77
నిప్పు లేనిదే పొగ రాదు. యూరప్‌వాళ్ళకు స్నానం అలవాటు లేదన్నది అందరికీ తెలిసిన నిజం. శవపేటికలకు గంటలు కట్టింది కూడా నిజం, నేను బొమ్మ చూశాను.

పాతకాగితం
గంటల శవపేటికలు ఉన్నాయి, కాదనను. 19వ శతాబ్దంలో వాటికి పేటెంట్లు కూడా తీసుకున్నారు. కానీ వస్తువు ఉన్నంత మాత్రాన మాట దాన్నుంచే పుట్టినట్టు కాదు కదా. మాట మొదట ఎవరి నోట్లో, ఏ పనిలో కనిపించింది అన్నది చూడాలి. అది బాక్సింగ్ రింగులో కనిపిస్తోంది, శ్మశానంలో కాదు.

ఫిల్టర్_కాఫీ
@స్వదేశీ_77 మనవాళ్ళు ఈ మెసేజీని ఎందుకు తెగ పంపుకుంటారో నాకు తెలుసు. తెల్లవాళ్ళు స్నానం చేయరని చదివితే మనకు కడుపు నిండుతుంది. అంతకు మించి ఏమీ లేదు.

నిజంగా గొప్ప చెప్పుకోవాలంటే వేరే కథ ఉంది. 'షాంపూ' హిందీ 'చాంపో' నుంచి వచ్చింది, నొక్కు, మర్దనా చెయ్యి అని. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 1814లో ఇంగ్లండులోని బ్రైటన్ వెళ్ళి ఆవిరి స్నానాలు, మర్దనాలు మొదలుపెట్టాడు. నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులకు 'షాంపూయింగ్ సర్జన్' అయ్యాడు. అప్పట్లో షాంపూ అంటే ఒళ్ళు పట్టడమే, తలకు పులుముకునే సీసా మందు కాదు.

బందరు_లడ్డు
రాజుగారి ఆస్థాన తలంటు వైద్యుడు. మా నాయనమ్మ ఆదివారం కుంకుడుకాయలు కొట్టి చేసిన పనికి ఇంత బిరుదు ఉందని తెలిస్తే ఆవిడ ఫీజు అడిగేది.

ఉల్లిగారెలు
టోస్ట్ సంగతి ఎవరూ చెప్పలేదు. మా టేబుల్ మీద ఒకతను విషం కథ చెప్పాడు. గ్లాసులు గట్టిగా తాకిస్తే ఒకరి సారా ఒకరి గ్లాసులోకి చిందేదట, విషం కలిపినవాడు తాగడానికి జంకేవాడట. ఇదీ అబద్ధమేనా? వాళ్ళలో వాళ్ళకు కూడా వాట్సాప్ ఉందా?

పాతకాగితం
ఉంది. పైగా మనకంటే ముందు ఈమెయిల్ కూడా ఉంది. విషం కథకు ఆధారం లేదు. అంత చిందాలంటే గ్లాసులు కాదు, బిందెలు తాకించాలి.

టోస్ట్ మాత్రం నిజంగా నువ్వనుకున్న బ్రెడ్డే. కాల్చి మసాలా పట్టించిన రొట్టెముక్కను ద్రాక్షసారాలో వేసేవారు. షేక్‌స్పియర్ 'మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్'లో ఫాల్‌స్టాఫ్ అనే పాత్ర సారా తెమ్మని, అందులో టోస్ట్ వెయ్యమని కూడా పురమాయిస్తాడు.

అది మనుషుల పేరు చెప్పి తాగడంగా ఎలా మారింది అన్నదానికి 1709లో 'టాట్లర్' పత్రికలో ఒక కథ అచ్చయింది. బాత్ ఊళ్ళో వేడినీటి కొలనులో ఒక అందగత్తె నిలబడి ఉంది. ఒక అభిమాని ఆ కొలను నీళ్ళే గ్లాసుతో ముంచి ఆమె పేరు మీద తాగాడు. పక్కనున్న తాగుబోతు, 'నాకు ఆ పానీయం వద్దు గానీ టోస్ట్ కావాలి' అని నీళ్ళలోకి దూకబోయాడు. జరిగిందో లేదో గానీ, సారాకు రొట్టె రుచిచ్చినట్టు ఆమె పేరు రుచిస్తుందన్న భావం అప్పటికే ఉందని తెలుస్తోంది.

ఓరుగల్లు_పిల్లోడు
అంటే అన్న ఆకలి మీద బ్రెడ్ అనుకున్నది కరెక్టే. మూడు నాలుగు వందల ఏండ్లు లేటయిండు అంతే.

ఉల్లిగారెలు
😂 ఇది ఆ పిన్నిగారికి చెప్పాలి.

రిటైర్డ్_టీచర్
హనీమూన్ సంగతేమిటి? నెలరోజులు తేనెసారా తాగేవారని మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన చెప్పేవాడు. నేను పిల్లలకు చెప్పలేదు లెండి, ఎనిమిదో తరగతికి ఎలా చెప్తాం.

పాతకాగితం
చెప్పకపోవడమే మంచిదైంది. సారా కథ తర్వాత కట్టిందే. 1552లో రిచర్డ్ హ్యూలొయెట్ నిఘంటువులో ఈ మాట ఉంది. కొత్త దంపతులు మొదట్లో విపరీతంగా ప్రేమించుకుంటారు, తర్వాత అది చల్లబడుతుంది, ఆ మొదటి కాలాన్ని జనం హనీమూన్ అంటారు అని. చంద్రుడు నిండగానే తరగడం మొదలవుతుంది కదా. అంటే ఇది ఎకసెక్కంగా పుట్టిన మాట. ఎక్కడికో ప్రయాణం వెళ్ళడం తర్వాత కలిసింది.

బందరు_లడ్డు
మనవాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు. చంద్రుడు తరిగేదాకా ఆగరు, ఆషాఢం రాగానే అమ్మాయిని పుట్టింటికి పంపేస్తారు. అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. స్టాకు తగ్గితే ధర పెరుగుతుంది.

ఫిల్టర్_కాఫీ
తెల్ల గౌను గురించి నా అవమానం ఒకటి. ఇక్కడికొచ్చిన రెండో ఏడు పక్కింటివాళ్ళ పెళ్ళికి తెల్ల మంగళగిరి చీర కట్టుకెళ్ళాను, ఎర్ర అంచు, సన్న జరీ. నా దృష్టిలో అది పండగ చీర. గుమ్మంలో ఇద్దరు ముసలమ్మలు నన్ను పైనుంచి కిందికి చూసి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తెలుపు పెళ్ళికూతురికే, మిగతావాళ్ళు కట్టకూడదట. ఆ రోజంతా స్వెట్టరు బొత్తాలు పెట్టుకుని కూర్చున్నాను, జులైలో.

మా అమ్మ గోల ఇంకోటి. పెళ్ళికూతురి ఫొటో పంపిస్తే 'ఎవరు పోయారే?' అంది.

పాతకాగితం
ఆ తెలుపు కూడా మరీ పాతదేం కాదు. అంతకుముందు ఇంగ్లండులో ఉన్న బట్టల్లో మంచిది, ఏ రంగైనా, పెళ్ళికి వేసుకునేవారు. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తెల్ల సాటిన్ గౌనుతో ఆల్బర్ట్‌ను పెళ్ళాడింది. దాని మీద డెవన్ జిల్లా లేసు. యంత్రాల లేసు వచ్చి చేతిపనివాళ్ళు దెబ్బతింటున్నారు, వాళ్ళకు పని దొరకాలని ఆ లేసే వాడింది. ఆ బొమ్మలు అచ్చయి అన్ని ఊళ్ళకూ వెళ్ళాయి. తెలుపు కట్టింది ఆమె మొదలు కాదు గానీ, ఫ్యాషన్ చేసింది ఆమే.

రిటైర్డ్_టీచర్
చేనేత కోసమన్నమాట. మంగళగిరి చీర కట్టిన ఫిల్టర్ కాఫీ తప్పేమీ చేయలేదు.

స్వదేశీ_77
పెళ్ళి చేసుకోవడాన్ని ముడి వేయడం అంటారే, ఆ 'టై ద నాట్' మాత్రం మనదే. మూడు ముళ్ళు, బ్రహ్మముడి. ఇక్కణ్ణుంచే వెళ్ళింది. దీన్ని కూడా కాదంటారా?

డల్లాస్_బాబాయ్
నాయనా, తాడున్న ప్రతిచోటా ముడి ఉంటుంది. పెళ్ళిలో చేతులకు గుడ్డ కట్టడం స్కాట్లండు వైపు వాళ్ళకూ ఉంది. రెండు ఊళ్ళలో ఇడ్లీలు గుండ్రంగా ఉంటే ఒకటి రెండోదాన్ని కాపీ కొట్టిందంటామా?

పాతకాగితం
మననుంచి వెళ్ళిందని అడిగారు కాబట్టి ఖాయంగా మన తెలుగు నుంచి వెళ్ళిన మాట ఒకటి చెప్తాను. 'బ్యాండికూట్'. మన పందికొక్కే. ఇంగ్లీషువాళ్ళు ఆ పేరును ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళి, ఆస్ట్రేలియాలో ఏ బంధుత్వమూ లేని ఇంకో జంతువుకు పెట్టారు. ఇప్పుడు లోకానికి బ్యాండికూట్ అంటే పొట్టకు సంచి ఉండే ఆ జంతువే.

ఓరుగల్లు_పిల్లోడు
ఇంత పెద్ద భాష, ఇంత సాహిత్యం, ఇంగ్లీషుకు మనమిచ్చింది పందికొక్కునా 😭

బందరు_లడ్డు
గోడౌన్ కూడా మన గిడ్డంగేనంటారు కదా. గిడ్డంగి ఇచ్చాక పందికొక్కును ఇవ్వకపోతే ఎలా?

పాతకాగితం
గోడౌన్ మీద గొడవ ఉంది. మలయ్ 'గుదాంగ్' నుంచి వచ్చింది. అది మన గిడ్డంగి, తమిళ కిడంగుల నుంచి మలయ్‌లోకి వెళ్ళిందని కొందరు అంటారు. పందికొక్కు మీద ఎవరికీ పేచీ లేదు.

ఉల్లిగారెలు
ఇంకో సంగతి. బయటికి వచ్చేటప్పుడు అందరికీ కాగితపు పొట్లాలు ఇచ్చారు, లోపల ఎండు పూలరేకులు. దంపతుల మీద చల్లాలి. నాకు ఒక్కసారిగా ఇల్లు గుర్తొచ్చింది, చెయ్యి దానంతట అదే తల మీదికి అక్షింతల్లా వేసింది. పక్కవాళ్ళు గాల్లోకి విసిరారు. పెళ్ళికొడుకు జుట్టులో నా రేకులు మాత్రమే నిలిచాయి.

ఫిల్టర్_కాఫీ
వెనకటికి వాళ్ళూ బియ్యమే చల్లేవారు. ఇప్పుడు చాలా చోట్ల వద్దని బోర్డు ఉంటుంది, ఊడ్చేవాళ్ళ బాధ. పచ్చి బియ్యం తింటే పిట్టల కడుపు పగులుతుందని ఇంకో కథ కూడా నడుస్తుంటుంది.

డల్లాస్_బాబాయ్
అమెరికాలో ఆ పిట్టల కథ మరీ ఎక్కువ. మా తాతగారిది ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూరు. కళ్ళంలో పిచ్చుకలు పొద్దస్తమానం ధాన్యం, నూకలు తినేవి. ఒక్కటి పేలగా చూడలేదు.

పాతకాగితం
అలా చల్లేవాటిని కాన్‌ఫెట్టి అంటారు, అది ఇటాలియన్ మాట. చక్కెరపాకం పట్టించిన బాదంపప్పుల్లాంటి మిఠాయిలు. ఇటలీలో ఇప్పటికీ ఆ మాటకు అర్థం మిఠాయే, కాగితం ముక్కలకు వాళ్ళు వేరే మాట వాడతారు. పండగల్లో మిఠాయిలు విసిరేవారు, తర్వాత కాగితం ముక్కలొచ్చాయి, పేరు మాత్రం మిఠాయిదే ఉండిపోయింది.

ఉల్లిగారెలు
పెళ్ళి మధ్యలో 'ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి' అని కూడా అడిగారు. హాలంతా నిశ్శబ్దం. వెనక ఎవరో దగ్గారు. అందరూ వెనక్కి తిరిగి చూసి నవ్వారు. ఈ మాట సినిమాల కోసం పెట్టిందేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ.

పాతకాగితం
1549 నాటి చర్చి ప్రార్థనల పుస్తకంలోనే ఉంది. ఇప్పుడే చెప్పు, లేదా శాశ్వతంగా నోరు మూసుకో అన్న ఆ మాటే ఇంగ్లీషులో మామూలు పలుకుబడి అయింది, ఆఫీసు మీటింగుల్లో కూడా వింటాం.

బందరు_లడ్డు
మన పెళ్ళిలో ఆ ప్రశ్న అడిగి చూడండి. ముందు మేనమామ లేస్తాడు, బట్టలు తక్కువయ్యాయని. తర్వాత పెద్దల్లుడు.

రిటైర్డ్_టీచర్
మనది సరిగ్గా తిరగేసిన పద్ధతి. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఎందుకు? ఎవరైనా తుమ్మినా, అశుభం పలికినా వినపడకూడదని. వాళ్ళు అందరూ నోరు మూసుకుని ఒకడి మాట వింటామంటారు, మనం ఎవడి మాటా వినపడకుండా డోలు వాయిస్తాం. నలభై ఏళ్ళ కిందట మా పెళ్ళిలో ఆ డోలు లేకపోతే మా పెదమామగారు ఏదో అనేసేవారే, నోరు కదలడం నేను చూశాను. ఏమన్నారో ఈరోజుకీ తెలియదు.

ఓరుగల్లు_పిల్లోడు
టీచర్ గారు ఈ దారం మొత్తానికి ఇదే హైలైట్ 👏

ఉల్లిగారెలు
అందరికీ థ్యాంక్స్. సోమవారం ఆ పిన్నిగారికి మా టీమ్ అమ్మాయి ద్వారా సారీ చెప్పించాను, 1999 మెయిల్ సంగతి, టోస్ట్ కథ కూడా రాసి పంపాను. ఆవిడ జవాబిచ్చింది, ఆ మెయిల్‌ను ఏటా తన క్లాసులో పిల్లలకిచ్చి తప్పులు పట్టమంటుందట.

ఒక్క చివరి డౌటు. వచ్చే శనివారం ఇంకో పెళ్ళి, మా మేనేజర్ తమ్ముడిది. నాకు వచ్చిన కార్డులో 'ఈవెనింగ్ రిసెప్షన్, 7:30' అని మాత్రమే ఉంది, పెళ్ళీ లేదు, బ్రేక్‌ఫాస్టూ లేదు. నన్ను తక్కువ చేశారా? తిని వెళ్ళాలా, తినకుండా వెళ్ళాలా?

ఫిల్టర్_కాఫీ
అవమానం కాదు. భోజనానికి తలకింత లెక్క ఉంటుంది కాబట్టి దగ్గరవాళ్ళను పగలు పిలుస్తారు, ఆఫీసువాళ్ళను రాత్రి డాన్సుకు. తొమ్మిదింటికి ఏదో పెడతారు, ఎక్కువగా పంది మాంసం పెట్టిన బన్నులు. శాకాహారివి కాబట్టి తినే వెళ్ళు.

బందరు_లడ్డు
లాంజ్ సూట్ ఇస్త్రీ చేయించుకో.

ఉల్లిగారెలు
ఆరింటికి ఉప్మా చేసుకుంటున్నాను. క్యారేజ్ కూడా కట్టుకెళ్తా, గుర్రాల్లేనిది.